పెయ్యంత నొస్తుందంటే ముందు వినండి

“ఎక్కడ నొస్తుందని అడగకు డాక్టరమ్మా. ఎక్కడ నొస్తలేదో అడుగు, చెప్త.”

ఝరాసంగం వైపు నుంచి వచ్చిన ఒకామె రెండేళ్ల కింద నాతో అన్న మాట ఇది. నలభై ఆరేళ్లుంటాయి. కైకిలికి పోతుంది. అల్లం తవ్వడం, పత్తి ఏరడం, కలుపు తీయడం, ఏ కాలానికి ఏ పని దొరికితే అది. కూర్చుంటూనే బట్టల దుకాణం కవరొకటి నా బల్ల మీద బోర్లించింది. మూడు ఎక్స్‌రేలు, నడుము ఎమ్మారై, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యూరిక్ యాసిడ్, రెండుసార్లు చేయించిన రక్త పరీక్షలు, మందుల చీటీలు పదమూడు. సంగారెడ్డి, బీదర్, హైదరాబాద్, మూడు ఊళ్ల కాగితాలు. అన్నిటి మీదా ఒకటే మాట, నార్మల్. ఆ మాట రాయించుకోవడానికి ఆ ఇంట్లో రెండు మేకలు అమ్మారు.

“అంతట ఏం లేదన్నరు. ఏం లేకుంటే నాకు నిద్రెందుకొస్తలేదమ్మా?”

ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రంలో జవాబుంది. చాలా ఏళ్లుగా ఉంది. మన ఓపీ గదుల దాకా మాత్రం రాలేదు.

జహీరాబాద్‌లో 22 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. బీపీ, షుగర్ తర్వాత నా గదిలో ఎక్కువగా వినపడేది ఈ ఒంటినొప్పుల మాటే. చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఇన్నేళ్లలో నాకు గట్టిగా తెలిసింది ఒకటి. నెలల తరబడి ఒళ్లంతా నొప్పి అంటున్న మనిషికి అన్నిటికంటే ముందు కావలసింది ఇరవై నిమిషాల సమయం. స్కానింగులు, సూదులు, సెలైన్లు, గోలీలు అన్నీ ఇస్తున్నాం. ఆ ఇరవై నిమిషాలు మాత్రం ఇవ్వడం లేదు.

మా వైపు ఒంటిని పెయ్యి అంటారు. ‘పెయ్యంత గుంజుతుంది’ అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు ‘పూరా బదన్ దర్ద్’ అంటారు. హద్దు దాటి బీదర్ వైపు నుంచి వచ్చేవాళ్లది ‘మైకై నోవు’. నేను చదివిన పుస్తకాల్లో నొప్పి మోకాలికో, మెడకో, వెన్నుకో ఉండేది. ఇక్కడివాళ్లు చెప్పే నొప్పి అట్లా ఒకచోట నిలవదు. అందుకే పెద్ద చదువులు చదివిన డాక్టర్లకు ఈ మాట వినగానే విసుగొస్తుంది. సరిగ్గా చెప్పడం రాదు వీళ్లకు అనుకుంటారు. నిజానికి వాళ్లు చాలా సరిగ్గా చెప్తారు. గుంజుడు వేరు, సలుపు వేరు, పోటు వేరు. అరికాళ్లలో మంట, తిమ్మిరి అంటే షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. పొద్దున లేవగానే చేతివేళ్లు పట్టేసి గంట దాటినా విడవడం లేదంటే, కీళ్లు వాచాయంటే, అది కీళ్లవాతం కావచ్చు. ఆలస్యం చేస్తే వేళ్లు వంకరపోతాయి. అర్ధరాత్రి నిద్రలేపే నొప్పి, సాయంత్రం జ్వరం, వదులైపోతున్న జాకెట్టు, ఈ మూడూ వింటే వెన్నుకు పట్టిన టీబీ నుంచి క్యాన్సర్ దాకా అన్నీ గుర్తుకు రావాలి. వీటిలో ఏదీ లేకుండా, మెడ నుంచి పిక్కల దాకా గుంజుడు, నిద్రపోయి లేచినా తీరని అలసట, చిన్న చప్పుడుకే చిరాకు, మతిమరుపు కలిసి మూడు నెలలు దాటితే దారి ఇంకొక వైపు పోతుంది.

కొలత దగ్గర కూడా అంతే. సున్నా నుంచి పది దాకా ఎంత నొప్పో చెప్పమని ఆసుపత్రుల్లో అడుగుతారు. చాలామంది ‘పది’ అనేస్తారు, లేదంటే నా మొహం చూసి ఊరుకుంటారు. నేను రూపాయి లెక్కలో అడుగుతాను. మొదట వచ్చినప్పుడు రూపాయి నొప్పి అనుకో, ఇప్పుడెంతుంది? “బారాణా ఉందమ్మా.” తడుముకోకుండా చెప్తారు. 1957లో అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. తెలంగాణ నాలుక మీద చారాణా, ఆఠాణా, బారాణా ఇప్పటికీ చెల్లుతూనే ఉన్నాయి. ఆ తర్వాత, నొప్పి వల్ల ఏం ఆగిపోయిందని అడుగుతాను. జడ వేసుకోవడానికి చేతులు లేస్తున్నాయా? బిందె ఎత్తగలుగుతున్నావా? కింద కూర్చుంటే పట్టుకోకుండా లేస్తున్నావా? మొన్న మీ అక్క కొడుకు పెళ్లికి పోయినవా? ఝరాసంగం ఆమె పెళ్లికి పోలేదు. రెండేళ్లుగా ఏ పెళ్లికీ పోలేదు. ఆ పదమూడు చీటీల్లో ఒక్కదానిలో కూడా ఈ సంగతి లేదు.

అంతర్జాతీయంగా నొప్పిని అధ్యయనం చేసేవాళ్ల సంఘం 1979లో నొప్పికి ఒక నిర్వచనం ఇచ్చింది. 2020లో దాన్ని సవరిస్తూ, నొప్పి ఉందని మనిషి చెప్పినప్పుడు ఆ మాటను గౌరవించాలని కూడా రాసింది. ఒంట్లో గాయం కనపడకపోయినా నొప్పి నొప్పేనని ఒప్పుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కొత్త కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో దీర్ఘకాలిక నొప్పికి సొంత పేరు, సొంత కోడ్ ఉన్నాయి. ఒళ్లంతా పరచుకున్న నొప్పికీ ఉన్నాయి. అందులో ఒక రకాన్ని ఫైబ్రోమయాల్జియా అంటాం. 1990లో దీన్ని గుర్తించడానికి ఒంటి మీద 18 చోట్ల, గోరు తెల్లబడేంత గట్టిగా బొటనవేలితో నొక్కి, 11 చోట్ల నొస్తే ఉన్నట్టు అనేవారు. 2010 తర్వాత ఆ నొక్కుడు తప్పనిసరి కాకుండా పోయింది. ఇప్పుడు ఒంటి బొమ్మ మీద 19 చోట్లలో ఎక్కడెక్కడ నొస్తుందో గుర్తు పెట్టించి, నిద్ర, అలసట, మతిమరుపు అడిగి లెక్క కడతాం. దీనికి కావలసింది ఒక కాగితం, ఒక పెన్ను. నా దగ్గర ఆ బొమ్మను జిరాక్సు తీసి సొరుగులో పెట్టుకుంటాను. కాగితానికి రూపాయి. మా ఊళ్లో చారాణా కోడికి బారాణా మసాలా అంటారు. ఎమ్మారై కాగితాలు చూసిన ప్రతిసారీ నాకు ఆ సామెత గుర్తొస్తుంది.

మా ఊరి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో మొదలై మచిలీపట్నం దాకా వెళ్తుంది. అదే రోడ్డు పట్టుకుని షోలాపూర్ దాటి పుణె వైపు పోతే భిగ్వణ్ అనే ఊరొస్తుంది. 1996లో డాక్టర్ అరవింద్ చోప్రా బృందం ఆ పల్లెలో ఇంటింటికీ తిరిగి కీళ్లు, కండరాల నొప్పులు ఎందరికున్నాయో లెక్క తీసింది. పెద్దవాళ్లలో నూటికి 18 మందికి ఉన్నట్టు తేలింది. వాళ్లలో సగానికి పైగా కీళ్లు అరగనివాళ్లు, వాచనివాళ్లు. పేరు పెట్టలేని నొప్పులు, కండరాల నొప్పులు వాళ్లవి. మా రోడ్డు మీది ఊరే అది. చెరకు తోటలు, జొన్న చేలు, వంగి పని చేసే ఆడవాళ్లు, అంతా మనలాగే.

అయితే పేరు పెట్టే ముందు వెతకాల్సినవి వెతకాలి. ఇందులో తొందర పనికిరాదు. ఫైబ్రోమయాల్జియా అనేది చేతికి దొరికిన ప్రతి నొప్పికీ తగిలించే పలక కాదు. మన తెలుగు నేలకు ఇది రెండుసార్లు పాఠం అయింది.

మొదటిది ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్ ఎముకలను పట్టిందని 1937లో మొదట బయటపెట్టింది అప్పటి నెల్లూరు జిల్లాలో, ఈనాటి ప్రకాశం ప్రాంతంలో. తర్వాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. వంగిపోయిన వెన్ను ఫొటోలు అందరం చూశాం. వెన్ను వంగక ముందు చాలా ఏళ్లు ఆ మనిషి చెప్పేది కీళ్లు పట్టేస్తున్నాయి, నడుము గుంజుతోంది అనే. అప్పటికి ఎక్స్‌రేలో ఏమీ తేలకపోవచ్చు. అందుకే నేను ఒళ్లు నొప్పులతో వచ్చిన ప్రతివాళ్లనూ ఏ నీళ్లు తాగుతున్నారో అడుగుతాను. నల్లా నీళ్లా, బోరు నీళ్లా, చేను దగ్గర ఏం తాగుతారు? లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ తాగకూడదని మన ప్రమాణాలు చెప్తున్నాయి. ఇంటికి మంచినీళ్లొచ్చినా, రోజంతా చేలో గడిపే మనిషి తాగేది చేను బోరు నీళ్లే.

రెండోది చికున్‌గున్యా. 1973 తర్వాత మూడు దశాబ్దాలు మన దేశంలో దాదాపు కనపడకుండా పోయిన ఈ జ్వరం 2005 చివర్లో తిరిగొచ్చింది. మొదట విరుచుకుపడ్డ రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2006లో నా క్లినిక్ ముందు గోడలు పట్టుకుని నడిచి వచ్చినవాళ్లను మరిచిపోలేను. జ్వరం వారంలో తగ్గింది. కొందరికి కీళ్ల నొప్పులు ఏడాది దాటినా పోలేదు. ఈ రోజుకీ ఒళ్లు నొప్పులవాళ్లలో కొందరు, ‘ఆ జ్వరమొచ్చినప్పటి సంది’ అని మొదలుపెడతారు. ఆ ఒక్క మాట వినకపోతే అసలు కథ మొదలే తెలియదు.

ఇవి కాక రక్తహీనత, థైరాయిడ్, షుగర్, డి విటమిన్ చూడాలి. తిరుపతి ప్రాంతంలో చేసి 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పల్లెల్లో, పట్నంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే కాల్షియం తక్కువ తినడం, డి విటమిన్ లోపం బాగా కనిపించాయి. ఇంత ఎండ ఉన్న దేశంలో ఇదెట్లా అని నేనూ నమ్మలేదు. ఇంట్లో కుట్టుమిషను ముందు పొద్దంతా గడిపే ఆడవాళ్లు నేల మీద నుంచి లేవడానికి గోడ పట్టుకోవడం చూశాక నమ్మాను. కొలెస్ట్రాల్ గోలీల వల్ల కండరాలు నొచ్చేవాళ్లూ ఉంటారు. గోలీల కవరు తెప్పించి చూస్తే చాలు. ఈ పరీక్షలు మొత్తం ఒక్క రక్తం తీతతో అయిపోతాయి, ఎమ్మారై అక్కర్లేదు.

అన్నీ చూశాం, ఏమీ లేదు. అప్పుడేమిటి? ఇక్కడే మనం ‘ఏం లేదమ్మా, అంతా మనసులోనే’ అంటాం. ఆ మాటతో ఆ మనిషి రెండుసార్లు దెబ్బతింటుంది. నొప్పి ఎట్లాగూ పోదు, పైగా ఇంటికెళ్లాక అత్తగారు, మొగుడు ‘డాక్టరే ఏం లేదన్నడు’ అంటారు.

ఇలాంటివాళ్లకు నేను కావలి కుక్క సంగతి చెప్తాను. చేనుకు కావలి పెట్టిన కుక్క దొంగను చూసి మొరగాలి. అది దాని పని, మన మేలు కోసం. దొంగలు పదే పదే వచ్చిన చేను కుక్క బెదిరిపోతుంది. తర్వాత ఆకు రాలినా మొరుగుతుంది, గాలి వీచినా మొరుగుతుంది. చేలో దొంగ లేడు, నిజమే. కుక్క మొరగడం మాత్రం అబద్ధం కాదు. వెన్నుపాములో నొప్పిని మోసే నరాలు అట్లాగే తేలిగ్గా రేగే స్థితికి వస్తాయని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ప్రయోగాల్లో చూపించారు. నిద్ర చెడితే అది ఇంకా రేగుతుంది. అప్పుల భయం, ఇంట్లో కొట్లాట, పోయిన బిడ్డ దుఃఖం, అన్నీ దాన్ని రేపుతాయి. అందుకే తోడొచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమంటాను. తలుపు దగ్గరికి వేశాక చెప్పే మాటలు వేరుగా ఉంటాయి. ఝరాసంగం ఆమె ఆ రోజు ముప్పావు గంట మాట్లాడింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను.

ఇక సూది సంగతి. పల్లెల్లో పెయ్యి నొప్పులకు మందు అంటే సూది. డైక్లో సూది, దానికి తోడు డెక్సా అనే స్టెరాయిడ్. వేసిన సాయంత్రానికి హాయిగా ఉంటుంది, రెండు రోజులు పని చేసుకుంటారు, మూడో రోజు మళ్లీ వస్తారు. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఈ సూదులు వేశాను. ఎదురుగా ఉన్న మనిషి ఏడుస్తుంటే ఏదో ఒకటి చేయాలనిపించేది. ఇప్పుడు ఆ పని తప్పని తెలిసి చెప్తున్నాను. నొప్పి సూదులు, గోలీలు నెలల తరబడి పడితే కిడ్నీలు పాడవుతాయి, కడుపులో పుండ్లు పడతాయి, బీపీ పెరుగుతుంది. స్టెరాయిడ్‌తో మొహం ఉబ్బుతుంది, షుగర్ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. వాడి వాడి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికే రావచ్చు. మన ఊళ్ల మీద రాబందులు తిరగడం చూసిన తరం మాది. మా పిల్లలు చూడలేదు. డైక్లో, అంటే డైక్లోఫెనాక్, ఇచ్చిన పశువుల కళేబరాలు తిని కిడ్నీలు చెడి రాబందులు చచ్చిపోయాయని 2004లో తేలింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో మనుషుల సూదిమందును 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదుకే పరిమితం చేశారు. రాబందుల కోసం అంత చేయగలిగిన దేశం, అదే మందు వారానికి రెండుసార్లు పొడిపించుకుంటున్న కూలి ఆడవాళ్ల కోసం ఎందుకు చేయదు?

బ్రిటన్‌లో 2021 ఏప్రిల్‌లో వచ్చిన వైద్య మార్గదర్శకాలు, వేరే జబ్బు కారణం కాని ఇలాంటి దీర్ఘకాలిక నొప్పికి పారాసిటమాల్, డైక్లో రకం మందులు, నల్లమందు రకం మందులు మొదలుపెట్టొద్దని చెప్పాయి. వ్యాయామం, మాటలతో చేసే చికిత్స, కొన్ని రకాల డిప్రెషన్ మందులు వాడమన్నాయి. అరిగిన మోకాలికి, వాచిన కీలుకు నొప్పి గోలీ అవసరం పడుతుంది. ఆ చోటు వేరు.

వ్యాయామం అనగానే మా దగ్గర ఎదురయ్యే మాట ఒకటే. “పొద్దంత చేన్ల పనిచేస్త. ఇంకా ఎక్సర్‌సైజు ఏందమ్మా?” చాలా న్యాయమైన ప్రశ్న. కైకిలి వ్యాయామం కాదు. ఎనిమిది గంటలు ఒకే వంపులో, అలసినా ఆపే వీలు లేకుండా, మేస్త్రీ చూపు కింద చేసేది అది. వ్యాయామంలో ఎంత చేయాలో, ఎప్పుడు ఆపాలో మన చేతిలో ఉంటుంది. నేను చెప్పేది చిన్నగానే ఉంటుంది. పొద్దున పది నిమిషాలు నిటారుగా నడక, వారానికి రెండు నిమిషాలు పెంచుకుంటూ. కలుపు తీసేటప్పుడు ఒక సాలు అయ్యాక లేచి నడుము వెనక్కి వంచడం. ఒళ్లు తేలికగా ఉన్న రోజున ఇల్లంతా అలికి, బట్టలన్నీ ఉతికి, తర్వాత రెండు రోజులు మంచం పట్టకుండా పనిని పంచుకోవడం. ఈ చివరిదే అందరికీ కష్టం. పని మిగిలితే చేసేవాళ్లు ఇంట్లో ఇంకొకరు లేరు కదా. అందుకే మొగుణ్ని కూడా పిలిపిస్తాను. నీళ్ల బిందెలు ఇక నువ్వు మోయాలయ్యా అని ముఖం మీదే చెప్తాను. కొందరు మోస్తున్నారు.

వీటికి తోడు, రాత్రికి డిప్రెషన్ మందుల్లో ఒకటైన అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు ఇస్తాను, గుండెజబ్బు, కంటి ఒత్తిడి లాంటివి లేవని చూసుకున్నాక. నిద్ర పడుతుంది, నరాల రేగుడు కొంత తగ్గుతుంది, నోరు ఎండుతుంది. ఇదంతా ముందే చెప్పకపోతే మందుల షాపు దగ్గర ఎవరో ‘ఇది పిచ్చికిచ్చే గోలి’ అంటారు, ఆ గోలీలు చెత్తకుండీలోకి పోతాయి. నా దగ్గర అట్లా పదుల సంఖ్యలో జరిగింది. ఇప్పుడు చీటీ వెనక తెలుగులో రాసిస్తాను, నిద్రకు, నరాల నొప్పికి అని.

ఝరాసంగం ఆమెకు నొప్పి పూర్తిగా పోలేదు, పోతుందని నేను చెప్పనూ లేదు. ఆరు నెలలకు “ఆఠాణా తగ్గింది” అంది. సూది వేయించుకోవడం మానేసింది. పోయిన మాఘంలో చెల్లెలి బిడ్డ పెళ్లికి పోయి వచ్చింది.

ఇది ఒక్క డాక్టరు క్లినిక్‌లో జరిగితే చాలదు. ఆశా కార్యకర్తలు బీపీ, షుగర్ కోసం ఇంటింటికీ తిరుగుతున్నారు. మూడు నెలలుగా ఒళ్లంతా నొస్తోందా, నిద్ర పడుతోందా అనే రెండు ప్రశ్నలు కూడా వాళ్లు అడగాలి. ఝరాసంగం, న్యాల్‌కల్, మొగుడంపల్లి, కోహీర్ మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒంటి బొమ్మ ఉన్న ఆ ఒక్క కాగితం ఉండాలి, వారానికి ఒక రోజు ఫిజియోథెరపిస్టు రావాలి. జహీరాబాద్ ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక పూట నొప్పి క్లినిక్ పెట్టాలి. అక్కడ తేలనివాళ్లే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి పంజాగుట్ట నిమ్స్ కీళ్ల విభాగానికి పోవాలి. మాచునూరులో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియో విత్తనాల గురించి ఇక్కడి మాటల్లోనే చెప్పింది. పెయ్యి నొప్పుల గురించి కూడా ఆ గొంతులే చెప్తే మా చీటీలకంటే బాగా చేరుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, వాటిలో దీర్ఘకాలిక నొప్పి లేదు. దాని మీద కూడా చర్చ మొదలవ్వాలి.

తోటి డాక్టర్లను అడిగేది ఒక్కటే. రేపు మీ గదిలోకి ఒకామె కవరు పట్టుకుని వచ్చి పెయ్యంత నొస్తుందంటే, ఆ కవరు పక్కన పెట్టి ముందు ఆమెను అడగండి. “అమ్మా, రాత్రి నిద్ర పట్టిందా?”